మింగిన ల్యూటిన్ కంటికి ఎలా చేరుతుంది?

ప్రశ్న: నా వయసు 61 ఏళ్లు. మాక్యులా (కంటి రెటీనా మధ్యభాగం) క్షీణత మధ్య దశలో ఉందని కంటి డాక్టరు ల్యూటిన్, జియాజాంథిన్ అనే వర్ణకాలున్న క్యాప్సూళ్లు రాశారు. రెండు నెలలుగా రోజూ పరగడుపున మంచినీళ్లతో వేసుకుంటున్నాను. చూపులో మార్పేమీ లేదు. అసలివి ఒంటబడుతున్నాయా? బీటా కెరోటిన్ కూడా కలిపి వేసుకుంటే త్వరగా పనిచేస్తాయని ఒక మిత్రుడు చెప్పారు. పాతికేళ్లు సిగరెట్లు తాగి మానేశాను. సలహా ఇవ్వగలరు.
– ఒక పాఠకుడు

జవాబు: ముందు మీ చివరి సందేహానికే జవాబు చెప్పాలి: బీటా కెరోటిన్ మాత్రలు మీరు వేసుకోకూడదు. ఫిన్లండ్‌లో పొగతాగే పురుషులు 29,133 మందిపై జరిపిన పరిశోధన ఫలితాలు 1994లో వెలువడినప్పుడు, రోజుకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం ఎక్కువగా కనిపించింది. మానేశాను కదా అని మీరు ధీమాగా ఉండటానికి వీల్లేదు. మాక్యులా క్షీణతకు విటమిన్లు, ఖనిజాల మిశ్రమాన్ని పరీక్షించి, 2013లో ఫలితాలు వెలువరించిన ఎరెడ్స్-2 అనే కంటి పరిశోధనలో ఈ క్యాన్సర్ వచ్చినవారిలో అత్యధికులు ఒకప్పుడు పొగతాగి మానేసినవారే. ఆ తర్వాతనే ఆ మందుల మిశ్రమంలో బీటా కెరోటిన్‌కు బదులు 10 మిల్లీగ్రాముల ల్యూటిన్, 2 మిల్లీగ్రాముల జియాజాంథిన్ వాడటం మొదలైంది. పైగా పెద్ద మోతాదులో తీసుకున్న బీటా కెరోటిన్ పేగులో ల్యూటిన్‌తో పోటీపడి దాని శోషణను తగ్గించగలదు.

ఇక మీ క్యాప్సూల్ సంగతి. ల్యూటిన్, జియాజాంథిన్, బీటా కెరోటిన్ అన్నీ కెరోటినాయిడ్లనే వర్ణకాల కోవలోవే. ఇవి నీటిలో కరగవు, కొవ్వులోనే కరుగుతాయి. చిన్నపేగులోకి పైత్యరసం వచ్చి, క్లోమరసం కొవ్వును విడగొట్టినప్పుడు ఏర్పడే అతి సూక్ష్మమైన బిందువుల్లో ఇమిడితేనే అవి పేగు గోడలోని కణాల్లోకి ప్రవేశించగలవు. పైత్యరసం పిత్తాశయం నుంచి ధారాళంగా విడుదల కావడానికి ఆహారంలోని కొవ్వే ప్రేరణ కాబట్టి, పరగడుపున మింగిన క్యాప్సూల్‌లో చాలా భాగం శోషణ కాకుండానే మలంతో బయటికి పోతుంది. కొంత నూనె లేదా కొవ్వు ఉన్న భోజనంతో వేసుకోండి. ఈ ఒక్క మార్పుతోనే ఎంతో తేడా ఉంటుంది. కొలెస్టిరమిన్ (కొలెస్టరాల్ తగ్గించేది), ఆర్లిస్టాట్ (బరువు తగ్గించేది) వంటి మందులు వాడుతున్నా, పైత్యరసానికి, క్లోమానికి సంబంధించిన జబ్బులున్నా ఆ విషయం డాక్టరుకు తప్పక చెప్పండి, ఎందుకంటే వాటివల్ల కూడా శోషణ తగ్గుతుంది.

పేగు కణాల్లోకి చేరిన ల్యూటిన్ నేరుగా రక్తంలోకి వెళ్లదు. కైలోమైక్రాన్లనే కొవ్వు రేణువుల్లో కూర్చబడి, శోషరస నాళాల గుండా ప్రయాణించి, మెడ దిగువన రక్తంలో కలుస్తుంది. ఆ రేణువుల్లో మిగిలిన భాగాన్ని కాలేయం తీసుకుని, తిరిగి లైపోప్రోటీన్లతో, అంటే రక్తంలో కొవ్వును మోసే ఎల్‌డీఎల్, హెచ్‌డీఎల్ వంటి రేణువులతో, రక్తంలోకి పంపుతుంది. బీటా కెరోటిన్, లైకోపీన్ (టమాటాకు ఎరుపు రంగునిచ్చే కెరోటినాయిడ్) ప్రధానంగా ఎల్‌డీఎల్‌తో ప్రయాణిస్తే, ల్యూటిన్, జియాజాంథిన్‌లలో అధిక భాగాన్ని హెచ్‌డీఎల్ మోసుకెళ్తుంది. శరీరంలోని కెరోటినాయిడ్లలో ఎక్కువ భాగం కొవ్వు కణజాలంలోనూ, కాలేయంలోనూ నిలవ ఉంటుంది కాబట్టి, మీరు మింగినదానిలో కంటికి దక్కేది చాలా స్వల్పం. అయినా మాక్యులాలో ఈ రెండింటినీ ప్రత్యేకంగా పట్టి ఉంచే ప్రోటీన్లు ఉన్నందువల్ల, శరీరంలో మరెక్కడా లేనంత సాంద్రంగా అవి అక్కడ పోగవుతాయి. బీటా కెరోటిన్‌కు అక్కడ అలాంటి చోటు లేదు.

రక్తంలో ల్యూటిన్ స్థాయి కొద్ది వారాల్లోనే పెరిగినా, మాక్యులాలోని వర్ణకం చిక్కబడటానికి నెలలు పడుతుంది. అప్పుడు కూడా చూపు మెరుగుపడుతుందని ఆశించకండి. ఈ మందుల మిశ్రమం ఉద్దేశం జబ్బు ముదరకుండా నిదానింపజేయడమే. చూపులో మార్పు లేదన్న కారణంతో మీ అంతట మీరు మానేయడం గాని, మోతాదు పెంచడం గాని చేయవద్దు. ఒకవేళ సరళ రేఖలు వంకరగా కనబడటం మొదలైతే మాత్రం తర్వాతి తనిఖీ దాకా ఆగకుండా వెంటనే కంటి డాక్టరును కలవండి.