ఉద్యోగం పోయిందని ఇంట్లో చెప్పలేకపోతున్నా.. ఇది జబ్బేనా డాక్టర్?

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. ఒడిశాలోని రాయగడలో ఉంటాం. ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు సూపర్‌వైజర్‌గా చేసేవాణ్ని. రెండు నెలల కిందట కాంట్రాక్టు అయిపోయిందని తీసేశారు. ఇంట్లో చెప్పలేదు. రోజూ క్యారేజీ పట్టుకుని వెళ్లి సాయంత్రం దాకా రైల్వే స్టేషన్లో కూర్చుంటున్నా. దాచుకున్న డబ్బులోంచే జీతమని ఇస్తున్నా. తెల్లవారుజామున మూడింటికే మెలకువ, గుండెదడ. పక్కింటాయన వాడే నిద్రమాత్ర అప్పుడప్పుడు వేసుకుంటున్నా, ఒక్కోరోజు మందు కూడా తాగుతున్నా. నేను లేకపోతేనే వీళ్లకు నయమేమో అనిపిస్తోంది. ఆసుపత్రికి వెళ్లినా నా గోడు ఒడియాలో చెప్పుకోలేను.

సమాధానం: ముందు మీరు రాసిన ‘నేను లేకపోతేనే నయం’ అన్న మాట గురించి. దాన్ని బయటపెట్టి మంచి పని చేశారు. ఆ ఆలోచన వచ్చి పోతోందా, లేక ఎలా చేయాలన్న దాకా వెళ్లిందా? అక్కడిదాకా వెళ్తే ఈ రాత్రి ఒంటరిగా ఉండకండి. ఇంట్లో పురుగుమందు గానీ మిగిలిన మాత్రలు గానీ ఉంటే నమ్మకమైన మనిషికి ఇచ్చేయండి. తట్టుకోలేనట్టుంటే నేరుగా ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టింది. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీపగలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

నిద్రమాత్ర, మందు ఒకే రోజు అస్సలు వద్దు. రెండూ కలిస్తే ఊపిరే మందగించవచ్చు. పైగా తాగితే ముందు నిద్ర పట్టినట్టే ఉంటుంది, తర్వాత తెగిపోతుంది. మీ మూడింటి మెలకువలో దాని పాత్రా ఉండొచ్చు. ఒకవేళ ఆ మాత్ర గానీ మందు గానీ రోజూ అలవాటైపోయి ఉంటే ఒక్కసారిగా ఆపకుండా డాక్టర్‌కు చెప్పి తగ్గించుకోండి.

దడను టెన్షనే అని నేను ఇక్కడ కూర్చుని తేల్చేయను. మీ వయసులో ఈసీజీ, బీపీ, షుగర్, థైరాయిడ్ చూడాల్సిందే. ఛాతీలో నొప్పి, చెమటలు ఉంటే ఆ క్షణమే వెళ్లాలి.

ఇక జబ్బేనా అంటారా? పని పోతే బాధ పడటం జబ్బు కాదు. కానీ రోజులో ఎక్కువసేపు దిగులు, దేనిమీదా మనసు లేకపోవడం, ఆకలి, నిద్ర చెడటం, బతకడం దండగ అనిపించడం రెండు వారాలు దాటితే డిప్రెషన్‌గా అనుమానించి పరీక్షిస్తాం. మీ విషయంలో ఆ అనుమానం గట్టిగానే ఉంది. కౌన్సెలింగ్‌తో, అవసరమైతే మందులతో తగ్గుతుంది. డిప్రెషన్ మందులు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, మధ్యలో మానొద్దు.

అయితే మీ ప్రాణం తోడేస్తున్నది ఉద్యోగం పోవడం కంటే ఆ దాపరికమే అని నాకు గట్టిగా అనిపిస్తోంది. పొద్దున్నే లేచి మీకోసం క్యారేజీ సర్దుతున్న మనిషి ముందు రోజంతా నటించాలి, ఎవరైనా స్టేషన్లో చూస్తారేమోనని బెదరాలి. ఏ మనసు తట్టుకుంటుంది? చాలామంది ఆడవాళ్లు మాసిపోని చొక్కా చూసే పసిగడతారు, అడగడానికి భయపడి ఊరుకుంటారు. పిల్లలు పడుకున్నాక మీ భార్యకు చెప్పండి. ‘రెండు నెలలుగా పని లేదు, చెప్పడానికి ధైర్యం చాల్లేదు, ఇంట్లో ఇంత డబ్బు మిగిలింది’ అంటే చాలు. ఆమె కోప్పడవచ్చు, ఏడవవచ్చు. ఆ రాత్రికి సంజాయిషీలు వద్దు, విని ఊరుకోండి. చుట్టాలందరికీ ఇప్పుడే తెలియక్కర్లేదు.

స్టేషన్లో కూర్చోవడం మాత్రం మానండి. 1930 ప్రాంతంలో ఆస్ట్రియాలోని మారియెంథాల్‌లో మిల్లు మూతపడ్డప్పుడు పరిశోధకులు వెళ్లి చూస్తే, బోలెడు తీరిక ఉన్నా లైబ్రరీలో పుస్తకాలు తీసుకోవడం తగ్గిపోయింది, మగవాళ్ల నడకే మందగించింది. పనిలేని రోజు మనిషిని అలా కుదేలు చేస్తుంది, అది బద్ధకం కాదు. లేచే వేళ మార్చకండి. పొద్దున ఒక గంట నడక, తర్వాత ఒక్క పని కోసం బయటికి. పీఎఫ్ సంగతి, గ్రాట్యుటీ వస్తుందేమో ఆ సంగతి కనుక్కోవడం కూడా అలాంటి పనే. పాత షిఫ్టులో మీతో చేసినవాళ్లకు ఫోన్ చేయండి. ఖాళీల కబురు ముందు వాళ్లకే తెలుస్తుంది.

భాష గురించి బెంగ వద్దు. రాయగడ బజారులో తెలుగు వినిపించని చోటుందా? ఆసుపత్రి స్టాఫ్‌లోనూ తెలిసినవాళ్లుంటారు. జిల్లా కేంద్ర ఆసుపత్రి ఓపీలో మానసిక వైద్యం ఎక్కడ చూస్తారో అడగండి. కాదంటే రైలెక్కి విశాఖ వెళ్లండి, అక్కడ ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. కానీ ఈ వారంలోనే వెళ్లండి. మీ భార్యను వెంట తీసుకెళ్లండి, వేసుకుంటున్న ఆ మాత్రల స్ట్రిప్ కూడా డాక్టర్‌కు చూపించండి.