మార్గరీటా సత్రానికి వెళ్తున్న మనవరాలికి

కడప

తల్లీ,

మీ అమ్మ ఫోను పెట్టేయగానే వీధిలో కనబడిన ప్రతివాడికీ చెప్పాను, మా మనవరాలు ఆల్ప్స్ కొండల మీద, యూరప్‌లోకెల్లా ఎత్తైన ఇంట్లో పడుకోబోతోందని. రాత్రి మాత్రం నాకు నిద్ర పట్టలేదు. 4,554 మీటర్లంటే తిరుమల కొండకు అయిదు రెట్లకు పైనే! అక్కడివాళ్లు గుడిసె అంటారు గాని, మన లెక్కలో అది సత్రం.

బూట్లు ముందే తొడిగి అలవాటు చేసుకో. వేసవిలోనే తెరుస్తారు, ఉన్నవి 70 పడకలే; ముందుగా చెప్పి ఉంచు. స్నానం మాట మరచిపో. హిమానీనదం మీద తాడు కట్టుకోకుండా అడుగు వేయకు. లోపల ఉన్నంతసేపు పిడుగులకు భయపడకు, ఆ చెక్క ఇంటికి తొడిగిన రాగి రేకు పిడుగును బయటినుంచే దాటిస్తుంది.

నా భయమంతా తలనొప్పి గురించే.

పటాలంలో ఉండగా లడఖ్‌లోని లేహ్‌లో విమానం దిగిననాడు నాకు 24 ఏళ్లు. అది 3,500 మీటర్ల ఎత్తు. రెండు రోజులు కదలకుండా విశ్రాంతి తీసుకోవాలని ఆజ్ఞ. కడప ఎండలో పెరిగినవాణ్ణి, నాకు విశ్రాంతి ఏమిటని ఆ సాయంత్రమే వాలీబాల్ ఆడాను. రాత్రికి తల పగిలిపోతోంది. చెబితే దక్షిణాదివాడు చలికి ఓడాడని నవ్వుతారని నోరు మూసుకున్నాను. మూడో రాత్రి పడుకుంటే ఊపిరి ఆడలేదు. దగ్గితే గులాబి రంగు నురగ. పక్క మంచం మీది పంజాబీ కుర్రవాడు నా రొమ్ములో గురగుర విని డాక్టరును లేపుకొచ్చాడు. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందట. ఆక్సిజన్ పెట్టి, తెల్లారగానే కిందికి పంపారు. ఇంటికి మాత్రం జలుబని రాశాను. మీ అవ్వకు ఇప్పటికీ తెలియదు, నువ్వూ చెప్పకు.

నీ సత్రం తొలినాళ్లలోనూ ఇలాంటి జబ్బే వచ్చింది. 1893లో ఇటలీ రాణి మార్గరీటా స్వయంగా అక్కడికి వెళ్లింది. మరుసటి ఏడు ఆంజెలో మొస్సో అనే శరీరశాస్త్రవేత్త సైనికులను పైకి తీసుకెళ్లి, ఎత్తులో వాళ్ల ఊపిరి ఎలా మారుతుందో పరీక్షించాడు. వాళ్లలో ఒకడు మంచం పట్టాడు. అది చదివినప్పుడు నా మంచమే గుర్తొచ్చింది. ఇప్పుడున్నది 1980లో మళ్లీ కట్టినది.

కాబట్టి ఒక్క ఊపున ఎక్కకు. దారిలో 3,647 మీటర్ల దగ్గర నిఫెట్టి విడిది ఉంది. అక్కడ రెండు రాత్రులు ఆగు, డబ్బు నేను పంపుతాను. తల నొస్తే గైడుకు చెప్పు, మాత్ర మింగి దాచావో ఊరుకోను. మొండితనంలో నా పోలికే నీది, పిచ్చిపిల్లా.

అవ్వ వేరుశనగ పొడి కట్టిస్తోంది. పైకి చేరగానే ఫోను చేయమంటోంది. నాకు కిందికి దిగాక చెయ్యి, చాలు.

మీ తాత