ఫైనల్ ఫాంటసీ అంకెల చిక్కు: సమాధానం

నమస్కారం. మీ అమెరికా కార్ట్రిడ్జ్ (వీడియో గేమ్ ఉండే డబ్బీ) మీద ‘ఫైనల్ ఫాంటసీ 2’ అని ఉన్నా, కథ మాత్రం జపాన్ జాబితాలోని 4వ ఆటదని, నల్గొండలో మీకు ఎవరో నకిలీ అంటగట్టారేమోనని అడిగారు. కథ వేరుగా ఉండటం నకిలీకి గుర్తు కాదు. 1988లో, 1990లో జపాన్‌లో నింటెండో వారి గేమ్ యంత్రం ఫామికామ్‌కు వచ్చిన 2, 3 ఆటలు అప్పట్లో అమెరికాకు చేరనే లేదు. 5వ ఆట కూడా అంతే. అందువల్ల 1991 నాటి 4ను అక్కడ 2 అనీ, 1994 నాటి 6ను 3 అనీ పేరు మార్చి అమ్మారు. 1997లో 7వ ఆట వచ్చాకే రెండు దేశాల అంకెలూ కలిశాయి. కాబట్టి మీ ఆటల జాబితాను జపాన్ అంకెలతోనే రాసుకొని, ప్రతి దాని పక్కన దేశమూ సంవత్సరమూ వేయండి.

అసలుదో కాదో లోపల చూస్తేనే తేలుతుంది. నా కార్ట్రిడ్జ్‌ను మహబూబ్‌నగర్‌లో గడియారాలు బాగుచేసే ఒక పెద్దాయన విప్పి ఇచ్చినప్పుడు, ఆకుపచ్చని బోర్డు మీద ‘నింటెండో’ అనే అక్షరాలూ, రెండు సన్నని రేకులతో బిగించిన సీఆర్2032 అనే గుండ్రని బిళ్ల సెల్లూ కనిపించాయి. దాచుకున్న ఆటను నిలిపి ఉంచేది ఆ సెల్లే. దాన్ని తీస్తే అలా దాచుకున్నది చెరిగిపోతుంది, కాబట్టి మార్చే ముందు బాగా ఆలోచించుకోండి. కొత్త సెల్లు మీద నేరుగా సోల్డర్ (టంకం) పెట్టనివ్వకండి, రేకులు ఉన్నదే కొనండి.