ఉద్దానానికి సర్వేకి వస్తున్న అమ్మలుకి

అమ్మలూ,

రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. నువ్వూ నీ స్నేహితులు ముగ్గురూ కలిసి మే నెలలో మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని కవిటి, సోంపేట వైపు ఊళ్లకు వచ్చి, ఇక్కడ చాలామందికి వస్తున్న, కారణం తేలని కిడ్నీ జబ్బు మీద పరిశోధన చేస్తారట. ఒకరిది సోషల్ వర్క్, ఒకరిది మెడిసిన్, నీదీ ఇంకో అమ్మాయిదీ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అంది. మనుషుల్నీ, రక్తాన్నీ, నీళ్లనీ కలిపి చూడాలనుకోవడం మంచి ఆలోచనే. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. ఉద్యోగమంతా ఈ ఊళ్లలోనే ఏఎన్ఎంగా, అంటే ఊరి నర్సుగా చేసినదాన్ని. సంచీలు తగిలించుకుని వచ్చినవాళ్లని చాలామందిని చూశాను, వాళ్లని ఇంటింటికీ తిప్పాను. మనింటి పిల్ల ఆ సంచీతో రావడం ఇదే మొదలు. గర్వంగా ఉంది. భయంగానూ ఉంది. అందుకే పొద్దున్నే కూర్చుని రాస్తున్నాను.

మీ గైడ్ చెప్పేవి ఎలాగూ చేస్తారు కాబట్టి వాటి గురించి ఎక్కువ చెప్పను. ఎథిక్స్ కమిటీ అనుమతి చేతికి రాకుండా ఒక్క గడప కూడా తొక్కొద్దు. అంగీకార పత్రం తెలుగులో ఉండాలి, అదీ మన ఊరివాళ్లకి అర్థమయ్యే తెలుగులో. చదువురాని వాళ్లయితే బొటనవేలి ముద్రతో పాటు మీ బృందంతో సంబంధం లేని సాక్షి ఒకరుండాలి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017లో తెచ్చిన మార్గదర్శకాల్లో ఇదంతా ఉంది. ఒక కాపీ వాళ్లకి ఇచ్చి రండి. ముందు పీహెచ్‌సీ డాక్టరుగారినీ సర్పంచ్‌నీ ఆశా వర్కర్‌నీ కలవండి.

అసలు మే నెల ఎందుకు ఎంచుకున్నారు? సెలవులని తెలుసు. కానీ ఇక్కడ జీడిపిక్కలు ఏరే కాలం అది. మగాళ్లు, ఆడాళ్లు చీకటితో తోటలోకి పోతారు. పన్నెండింటికి మీరు తలుపు కొడితే ముసలివాళ్లు, పసిపిల్లలు తప్ప ఎవరూ కనబడరు. ఎండలో ఒళ్లు వంచి పనిచేసేవాళ్లకే ఈ జబ్బు ఎక్కువని ఒక అనుమానం ఉంది కదా. వాళ్లే ఇంట్లో లేనప్పుడు సర్వే చేసి ఏం తేలుస్తారు? తెల్లవారి అయిదింటికైనా వెళ్లాలి, లేదా సాయంత్రం దీపాలు పెట్టాక వెళ్లాలి. సాయంత్రం అనగానే నాకు ఇంకో భయం. చీకటి పడ్డాక మీరు నలుగురూ విడివిడిగా బళ్ల మీద తిరగడానికి వీల్లేదు, కొబ్బరితోటల దారుల్లో అసలే వద్దు. ఇద్దరిద్దరుగానే వెళ్లాలి. ఈ ఒక్కటీ మాత్రం నాతో వాదించకు.

ఇప్పుడు అసలు సంగతి. ఇది రాయడానికే కూర్చున్నాను.

చాలా ఏళ్ల కిందట ఒక బృందం వచ్చింది. ఎక్కడివాళ్లో చెప్పను. మంచి మనసుతోనే వచ్చారు, అందులో సందేహం లేదు. మీలాగే మే నెల. రామాలయం అరుగు మీద బల్ల వేశారు. బండి ఆలస్యమై, రక్తం తీయడం మొదలెట్టేసరికి పదకొండు దాటింది. తోటల్లోంచి మనుషులు అలాగే వచ్చి వరసలో నిలబడ్డారు. తెల్లవారుజామున గుక్కెడు చోడి అంబలి తాగి పోయినవాళ్లు, మళ్లీ నీళ్లు ముట్టలేదు. చొక్కాలు ఒంటికి అంటుకుపోయి, ఉప్పు చారలు తేలి ఉన్నాయి. ఎవరూ వాళ్లని కూర్చోబెట్టి చెంబెడు నీళ్లివ్వలేదు. చేయి చాపమన్నారు, తీశారు, పంపించారు.

తరవాతి వారం రిపోర్టులు పట్టుకుని వచ్చారు. ఆ బృందంలో ఒక కుర్రాడు అదే అరుగు మీద నిలబడి, ఊరందరికీ అవగాహన వస్తుందని, కాగితం చూసి పేర్లు చదవడం మొదలుపెట్టాడు. పేరు, పక్కనే క్రియాటినిన్ ఎంతుందో, అంటే కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం రక్తంలో ఎంత మిగిలిందో. నేను పక్కన రిజిస్టరు పట్టుకుని నిలబడ్డాను. "బాబూ, ఇక్కడ కాదు" అని చేయి పట్టుకుని ఆపేలోపే సగం పేర్లు అయిపోయాయి. జీడితోటలో పనిచేసే ఒకాయన పేరు వచ్చింది. 1.9 అన్నాడు, ఉండాల్సినదానికన్నా బాగా ఎక్కువ. ఆయన భుజం మీది తువ్వాలు తీసి, మడతపెట్టి, మళ్లీ భుజాన వేసుకుని, ఎవరి మొహమూ చూడకుండా ఇంటికి పోయాడు.

ఆ ఇంట్లో పెద్దపిల్లకి సంబంధం కుదిరి ఉంది. వారం తిరక్కుండా మగపెళ్లివారి దగ్గర్నుంచి కబురొచ్చింది. "ఆ ఇంట్లో కిడ్నీ ఉందట కదా, మాకొద్దు" అన్నారు. ఉద్దానం పిల్లని చేసుకోవాలన్నా, ఇక్కడికి పిల్లనివ్వాలన్నా బయటివాళ్లు అప్పటికే వెనకాడుతున్నారు. పేరు కూడా ఊరందరి ముందూ చదివాక ఇంక చెప్పాలా. ఆయన ఉన్న అరెకరం కొబ్బరితోట తాకట్టు పెట్టి విశాఖపట్నం వెళ్లాడు. అక్కడి డాక్టరుగారు మొదట అడిగిన ప్రశ్నే, రక్తం ఏ వేళప్పుడు తీశారు, అంతకుముందు ఏం పని చేస్తున్నావు అని. మళ్లీ తీస్తే 1.0 వచ్చింది. మూడు నెలలు ఆగి తీసినా అంతే. ఒళ్లు ఎండిపోయి ఉన్నప్పుడు తీసిన రక్తంలో ఆ పూటకి పెరిగిన అంకె అది. జబ్బే లేదు.

ఆ రెండు రిపోర్టులూ పట్టుకుని మగపెళ్లివారింటికి నేనే వెళ్లాను. మజ్జిగిచ్చి, మర్యాదగా కూర్చోబెట్టి, "మీ మాట నిజమే అయినా మా వాళ్లు ఒప్పుకోరమ్మా" అన్నారు. ఆ తోట ఆయనకి తిరిగి రాలేదు.

అదే కాగితంలో ఇంకో పేరుంది. ఒకావిడకి 4 దాటింది. ఆ రోజు ఆమె ఇంటికి తాళం వేసి ఉందట, పుట్టింటికి వెళ్లిందట. ఎవరూ ఆమె కోసం మళ్లీ రాలేదు, కాగితం నా చేతికీ ఇవ్వలేదు. కాళ్లు నీరుపట్టి, ఆయాసం మొదలయ్యాక గానీ ఆమెకి తెలియలేదు. జబ్బు లేనివాడికి ఉందని ఊరంతా చెప్పారు, ఉన్నామెకి ఒక్కరూ చెప్పలేదు. ఆ తరవాత కొన్నేళ్లు ఆ ఊళ్లో ఎవరూ ఏ సర్వేకీ చేయి చాపలేదు. గర్భిణీ స్త్రీలకి బీపీ చూద్దామని నేను వెళ్లినా, "ఇది ఏ లిస్టుకమ్మా?" అని అడిగేవారు.

కాబట్టి, అమ్మలూ, ఇది నీ నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకో. రక్తం పొద్దున్నే, పనికి పోకముందు, నీళ్లు తాగించి తీయాలి. ఒకసారి తీసి ఎవరికీ జబ్బు పేరు పెట్టకూడదు. ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే అంకె) 60 కన్నా తక్కువగా ఉండటం గానీ, కిడ్నీ దెబ్బతిన్న గుర్తులు గానీ 3 నెలలకు పైగా నిలబడితేనే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బని మీ మెడికల్ స్నేహితుడికి పుస్తకంలోనే ఉంటుంది. అంటే మేలో వచ్చినవాళ్లు ఆగస్టులో మళ్లీ రావాలి. రాలేమనుకుంటే రక్తం జోలికే పోవద్దు, నీళ్లూ ప్రశ్నలూ చూసుకోండి. అదేమీ చిన్న పని కాదు. మూత్రంలో ప్రొటీన్ లేదు కదా, బాగున్నాడనీ అనుకోవద్దు. ఈ జబ్బులో అది చాలామందికి పెద్దగా కనబడదు.

ఫలితం ఎవరిదో వాళ్లకే, వాళ్లింట్లోనే, తలుపు దగ్గరికి వేసి చెప్పాలి. భార్యకి చెప్పాలా వద్దా అన్నది కూడా ఆ మనిషినే అడగాలి. ఎక్కువ వచ్చినవాళ్లని ఎవరి దగ్గరికి పంపుతారో మొదటి సూది గుచ్చకముందే మాట్లాడి పెట్టుకోవాలి. ఇప్పుడు మనకి పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ రీసెర్చ్ సెంటర్ ఉన్నాయి, 2023 డిసెంబరులో ప్రారంభించారు. ఆ రోజుల్లో ఆ దిక్కు కూడా లేదు. పేర్లు ఒక పుస్తకంలో, నంబర్లు ఇంకో పుస్తకంలో ఉంచు. ఫోన్లో రిపోర్టు ఫొటోలు తీసి మీ వాట్సాప్ గ్రూపులో పెట్టుకోవద్దు. రేపు థీసిస్ రాసేటప్పుడు కూడా "ముగ్గురు ఆడపిల్లలున్న 46 ఏళ్ల గీత కార్మికుడు" అని రాశావనుకో, పేరు రాయకపోయినా మా ఊళ్లో చిన్నపిల్లాడు కూడా ఆయనెవరో చెప్పేస్తాడు.

కోప్పడుతున్నానని అనుకోకు. నువ్వు అలాంటి పని చేయవని తెలుసు. ఆ కుర్రాడూ చేయాలని చేయలేదు.

ఇంక ప్రశ్నల సంగతి. "ఇప్పుడు ఏ నీళ్లు తాగుతున్నారు" అని అడిగి ఊరుకోవద్దు. ఇప్పుడు హిరమండలం రిజర్వాయర్ నుంచి వంశధార నీళ్లు పైపుల్లో వస్తున్నాయి. ఈ జబ్బు ఏళ్ల తరబడి చడీచప్పుడూ లేకుండా పెరుగుతుంది. ఇవాళ్టి కుళాయి నీళ్లు ఇరవయ్యేళ్ల కిందటి సంగతి చెప్పవు. చిన్నప్పుడు ఏ నుయ్యి, బోరు ఎప్పుడు వేశారు, ఎంత లోతు అని అడుగు. ఆడవాళ్లని మాత్రం పుట్టిల్లు ఏ ఊరని తప్పకుండా అడగాలి. కోడలిగా వచ్చి పదేళ్లయినామె, ఇక్కడే పుట్టి పెరిగిన ఆడపడుచు, ఇద్దరూ ఒకే నీళ్లు తాగారని రాస్తే ఆ లెక్క తప్పు. బతుకుతెరువుకి హైదరాబాదో, ముంబైయో వెళ్లి వచ్చిన మగాళ్లని ఎన్నేళ్లు అక్కడున్నారో అడగాలి.

నొప్పి బిళ్లలు వాడతారా అంటే అందరూ లేదంటారు. ఆర్ఎంపీ దగ్గర తెచ్చుకున్న బిళ్లల అట్ట ఒకసారి చూపించమను. చూరులోంచో, పోపుల డబ్బాలోంచో తీస్తారు. కిడ్నీలకి చెరుపు చేయగల డైక్లోఫెనాక్ నొప్పి మందు పేరు నీకే కనబడుతుంది.

జబ్బున్న ఇళ్లకే తిరగొద్దు. లేని ఇళ్లకీ అన్నే వెళ్లాలి, అవే ప్రశ్నలు అడగాలి. లేకపోతే చూసిన ప్రతిదీ కారణంలాగే కనిపిస్తుంది. ఈ జబ్బుకి కారణం నీళ్లలోని సిలికా (ఇసుకలో ఉండే పదార్థం) అన్నారు, భారలోహాలన్నారు, పురుగుమందులన్నారు, ఎండదెబ్బ అన్నారు, వంశపారంపర్యం అన్నారు. శ్రీలంకలో వరి రైతులకీ, ఎల్ సాల్వడార్, నికరాగువాల్లో చెరకు కోసే కూలీలకీ ఇలాంటి జబ్బే ఉంది. అక్కడా ఒక్క కారణం తేల్చలేకపోయారు. మీరు నలుగురూ ఒక వేసవిలో తేల్చేయాలని మీద వేసుకోకండి. పత్రికలవాళ్లు వస్తే "కారణం కనిపెట్టాం" అనే మాట నోట్లోంచి రానివ్వద్దు. నీళ్ల పేరు చెబితే నుయ్యి వదిలేస్తారు, మందుల పేరు చెబితే అవసరమైనవీ మానేస్తారు.

నీళ్ల శాంపిల్ గురించి నువ్వే నాకు చెప్పగలవు. ఒక్కటి మాత్రం చూశాను కాబట్టి చెబుతున్నా. సిలికా చూడాలంటే గాజు సీసా తేవద్దు, గాజులోంచే సిలికా నీళ్లలోకి దిగుతుంది. బోరుని కాసేపు కొట్టి వదిలాక పట్టు.

కొబ్బరిచెట్లు ఎన్ని అని మీ ఫారంలో ఉంటే కొంచెం నెమ్మదిగా అడుగు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చి కాపుకొచ్చిన చెట్లన్నీ నేలకూల్చింది. తండ్రి నాటిన చెట్ల లెక్క కొడుకు చేత చెప్పించడం అది. చెబుతూ మధ్యలో ఆగిపోతే, పెన్ను కింద పెట్టి కూర్చో.

ఇంకోటి, మీ అమ్మ నీకు పూర్తిగా చెప్పిందో లేదో. మావయ్య వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి పలాస వెళ్తున్నాడు. వెళ్లిన రోజల్లా నాలుగు గంటలు ఆ మంచం మీదే. నువ్వు ఆయన్ని సర్వేలో రాయకు, ఇంటిమనిషివి కాబట్టి. కానీ ఒక రోజు ఆయనతో ఆసుపత్రికి వెళ్లు. ఎడమ చేతి ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి రక్తనాళాలు కలిపి కుట్టిన చోటు) మీద వేలు పెట్టి చూడమంటాడు, వచ్చినవాళ్లందరికీ అలాగే చూపిస్తాడు. చర్మం కింద జుమ్మని అదురుతుంటుంది. అది ఆగిపోలేదు కదా అని రాత్రి నిద్రలో కూడా తడిమి చూసుకుంటాడు. ఆ సాయంత్రం మీ ప్రశ్నల కాగితం ఇంకోసారి చదువుకో. అనవసరమైనవి నీకే తెలిసిపోతాయి, కొట్టేస్తావు.

నీ ఒంటి సంగతి కూడా రాయాలి. ఎండలో తిరిగేది నువ్వు కూడా. చిన్నప్పుడు ఆటలో పడితే నీళ్లు తాగడం మర్చిపోయేదానివి, వెనకాలే చెంబు పట్టుకుని తిరిగేదాన్ని. రెండు సీసాలు సంచీలో ఉండాలి. ఏ ఇంట్లోనైనా నీళ్లిస్తే వద్దనకుండా తాగు, మన నీళ్లు తాగడానికి భయపడుతోందని వాళ్లు అనుకోకూడదు. నెలంతా ఈ బాధలు విని విని రాత్రుళ్లు ఏడుపొస్తే నా గదిలోకి వచ్చి పడుకో. నాకూ మొదట్లో వచ్చేది.

మీ నలుగురికీ మనింట్లోనే మకాం, లాడ్జి ఊసెత్తొద్దు. మొదటి వారం ఇళ్లకి నేను కూడా వస్తాను. గుమ్మం దాకా వచ్చి మిమ్మల్ని పరిచయం చేసి వెనక్కి తగ్గుతాను, నా ముందు చెప్పలేనివి మీకు చెబుతారు. తెలుగు అంగీకార పత్రం అచ్చు వేయించకముందే నాకు పంపు. పక్కింటి అత్తకి చదివి వినిపించి, ఎక్కడ అర్థం కాలేదందో గుర్తుపెట్టి నీకు పంపిస్తాను. ఆగస్టులో మళ్లీ రాగలరో లేదో మీ గైడ్‌ని ఈ వారమే అడిగి నాకు చెప్పు. దాన్నిబట్టి ఆశా వర్కర్‌తో మాట్లాడతాను.

ఉంటాను,
మీ పెద్దమ్మ