చివరి దెబ్బకు ముందు ఏం జరిగిందో రాయి

చి.ల.సౌ. శిరీషకు మీ మావయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి అక్కయ్య ఫోన్ చేసి చెప్పింది. నువ్వు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి, బ్యాడ్మింటన్ మ్యాచ్‌లు విశ్లేషించే పనిలో చేరుతున్నావట. మన జట్టు అంతర్జాతీయ పోటీల్లో ఎప్పుడు గెలుస్తోంది, ఎందుకు గెలుస్తోంది అన్నదే మొదటి రిపోర్టుగా రాయమన్నారట. ఆ తర్వాత నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. సంతోషం సగం, భయం సగం. లెక్కలు నీకు నేను నేర్పేదేం లేదు తల్లీ. కానీ రేపు నీ కాగితం చూసి ఎవరో ఒక పిల్లాడి పేరు జట్టులోంచి కొట్టేస్తారు. నా భయమంతా అక్కడే ఉంది. అందుకే ఇంత ఉత్తరం.

తేలిక సంగతులు ముందు చెప్పేస్తాను. కోర్టు వెనక నుంచి, ఎత్తు మీద నుంచి తీసిన వీడియోనే వాడు. ఒక్కో పాయింటుకి ఒక్కో వరస, ప్రతి వరసలో స్కోరు. సాయంత్రానికి ఫైలు రెండు చోట్ల దాచు.

జట్టు పోటీ అంటే అయిదుగురి ఆటను కూడేయడం కాదు. మగవాళ్ళ ప్రపంచ జట్టు పోటీ అయిన థామస్ కప్‌లో ఒక టైకి, అంటే రెండు దేశాల మధ్య ఒక పోరుకి, మూడు సింగిల్స్, రెండు డబుల్స్. ముందు మూడు ఎవరు గెలిస్తే వాళ్ళదే. సింగిల్స్ వరస ప్రపంచ ర్యాంకు ప్రకారం ఉంటుంది కాబట్టి మన మొదటివాడికి వాళ్ళ మొదటివాడే ఎదురవుతాడు. 2022 మేలో బ్యాంకాక్‌లో మనం కప్పు గెలిచినప్పుడు అందరూ ఫైనల్ 3-0 గురించే మాట్లాడారు. నువ్వు క్వార్టర్ ఫైనల్ నుంచి తీసుకో. మలేసియా మీద లీ జీ జియా చేతిలో లక్ష్య సేన్ ఓడాడు. డబుల్స్‌లో సాత్విక్, చిరాగ్ గెలిచారు. శ్రీకాంత్ గెలిచాడు. రెండో డబుల్స్ పోయింది. ప్రణయ్ గెలిచాడు. సెమీస్‌లో డెన్మార్క్ మీద అచ్చం అదే వరస: అక్సెల్సెన్ చేతిలో లక్ష్య ఓటమి, డబుల్స్ గెలుపు, శ్రీకాంత్ గెలుపు, రెండో డబుల్స్ ఓటమి, ప్రణయ్ గెలుపు. ఫైనల్లో ఇండోనేసియా మీద మొదటి మూడూ మనవే. ఆ మూడు టైల్లో మనకొచ్చిన తొమ్మిది గెలుపుల్లో మన అమలాపురం కుర్రాడు సాత్విక్, చిరాగ్ కలిసి మూడు, శ్రీకాంత్ మూడు, ప్రణయ్ రెండు, లక్ష్య ఒకటి. మొదటి సింగిల్స్ రెండుసార్లు పోయినా కప్పు ఎలా వచ్చిందో అక్కడ కనిపిస్తుంది.

పక్కనే 2023 అక్టోబర్ 1 పెట్టుకో. హాంగ్‌జౌ ఆసియా క్రీడల ఫైనల్, చైనా మీద. షి యుచీని లక్ష్య మూడు గేముల్లో ఓడించాడు, సాత్విక్, చిరాగ్ గెలిచారు, 2-0. అక్కణ్ణుంచి మూడూ పోయి 2-3. ప్రణయ్ నడుం నొప్పితో ఆడలేదు. చాలామంది 'ఒక ఆటగాడు తక్కువయ్యాడు' అని రాసి వదిలేశారు. తక్కువైంది ఒకడు కాదు, వరసంతా ఒక మెట్టు జరిగింది. ప్రణయ్ ఉంటే మొదటి సింగిల్స్ అతనిది, లక్ష్య రెండోది, శ్రీకాంత్ మూడోది. అతను లేకపోవడంతో లక్ష్య మొదటికీ శ్రీకాంత్ రెండోదానికీ ఎక్కారు, మూడో సింగిల్స్ మిథున్ మంజునాథ్ మీద పడింది. వెంగ్ హాంగ్‌యాంగ్ చేతిలో అతను 12-21, 4-21తో ఓడాడు. ఆ 4 ఒక్కటీ పట్టుకుని ఆ అబ్బాయి గురించి ఒక్క వాక్యం కూడా రాయకు. స్కోరు 2-2 అయ్యాక, దేశం మొత్తం చూస్తుండగా ఆడిన మ్యాచ్ అది. నాలుగో సింగిల్స్ ఆటగాణ్ణి అలాంటి మ్యాచ్‌కి ఎలా తయారుచేస్తున్నామన్నదే నీ రిపోర్టులో రావలసిన ప్రశ్న.

2024 ఫిబ్రవరిలో మలేసియాలోని షా ఆలంలో అమ్మాయిలు ఆసియా జట్ల టైటిల్ గెలిచింది కూడా ఆఖరి మ్యాచ్ మీదే. థాయిలాండ్ మీద సింధు, ఆ తర్వాత డబుల్స్‌లో ట్రీసా, గాయత్రి గెలిచారు. తర్వాత రెండూ పోయాయి. పదిహేడేళ్ళ అన్మోల్ ఖర్బ్ 21-14, 21-9తో ముగించింది. హాంగ్‌జౌ, షా ఆలం ఒకే కాగితం మీద రాసుకో. రెండుచోట్లా 2-0, రెండుచోట్లా 2-2. తేడా ఆఖరి గడిలోనే ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. ఇది కొంచెం నిదానంగా చదువు.

చివరి దెబ్బను లెక్కపెట్టడం మన పనిలో అన్నిటికంటే పాత తప్పు. నేనూ చేశాను. నా నోటుబుక్కులో నాలుగు గడులుండేవి: స్కోరు, సర్వీసు ఎవరిది, చివరి దెబ్బ ఏమిటి, పాయింటు ఎవరిది. రాష్ట్ర పోటీలకి వెళ్ళే ఒక కుర్రాడి మ్యాచ్‌లన్నీ అలాగే నింపాను. ఏ పేజీ తిప్పినా స్మాష్‌తోనే, అంటే పైనుంచి కిందకి బలంగా కొట్టే దెబ్బతోనే, పాయింట్లు వస్తున్నట్టు కనపడింది. ఇంకా ఎక్కువ కొట్టమని చెప్పాను. చెప్పినట్టే కొట్టాడు. వెనక గీత మీద నుంచి, బ్యాక్‌హ్యాండ్ మూల నుంచి, కాళ్ళు కుదురుకోకుండా కొట్టాడు. అవతలివాడు రాకెట్ అడ్డం పెట్టి షటిల్‌ని ఎదురు మూలకి, నెట్ పక్కకి వదిలాడు. వీడు అంత దూరం పరిగెత్తుకొచ్చేసరికి షటిల్ నేల మీదుండేది. అందినా కిందనుంచి ఎత్తడం తప్ప దారి లేదు. అప్పుడు స్మాష్ అవతలివాడిది. రెండు గేముల్లో అయిపోయింది.

తప్పు ఎక్కడుందో చూడు. అంతకుముందు మ్యాచ్‌ల్లో ఆ కుర్రాడు ప్రతి షటిల్‌నీ స్మాష్ కొట్టలేదు. అవతలివాడు ఎత్తింది కోర్టు మధ్యలోనే తేలినప్పుడు, తన రెండు కాళ్ళూ కుదురుగా ఉన్నప్పుడు మాత్రమే కొట్టాడు. ఆ తేలిన షటిల్‌ని సంపాదించింది అంతకు రెండు దెబ్బల ముందు నెట్ దగ్గర బిగించి, నెట్‌ని ఆనుకుని పడేలా వదిలిన చిన్న షాట్. నా పుస్తకంలో ఆ షాట్‌కి గడే లేదు. అవకాశం తయారు చేసినదాన్ని వదిలేసి, దాన్ని వాడుకున్నదానికి ఫలితమంతా కట్టబెట్టాను. రెండో తప్పు: పాయింటు తెచ్చిన స్మాష్‌లే రాశాను, తిరిగొచ్చిన స్మాష్‌లు రాయలేదు. పైన ఉండే అంకె ఉంది, కింద ఉండాల్సిన అంకె లేదు. స్టాటిస్టిక్స్ చదివినదానివి, ఇక్కడ మోసం ఎంత తేలికగా జరిగిందో నీకు నాకంటే బాగా తెలుస్తుంది. కానీ రాత్రి పదింటికి, తెల్లారితే మ్యాచ్ అన్నప్పుడు, కోచ్ 'ఒక్క ముక్కలో చెప్పు' అన్నప్పుడు నువ్వూ ఇదే చేస్తావు. అందుకే గడులు ముందే గీసుకో.

నా మాట విని ఇవి పెట్టు: స్కోరు, ఏ వైపు నుంచి ఆడుతున్నాం, సర్వీసు పొట్టిదా పొడుగుదా, రిటర్న్ ఎక్కడికి, మూడో దెబ్బ ఏమిటి, ముందుగా షటిల్ ఎత్తింది ఎవరు, ఎత్తింది ఎంత లోతుకి వెళ్ళింది, కొట్టేవాడి కాళ్ళు కుదురుగా ఉన్నాయా, చివరి దెబ్బ, అది గెలుచుకున్నదా, ఎదుటివాడు బలవంతం లేకుండా చేసిన తప్పా. లోతు కొలవడానికి కోర్టులోనే స్కేలు ఉంది. డబుల్స్ పొడుగు సర్వీసు గీత వెనక గీతకి 76 సెంటీమీటర్ల లోపల ఉంటుంది. షటిల్ ఆ గీత దాటి వెళ్ళిందా, ముందే తేలిందా అన్నది రాయి చాలు. ఇలా రాస్తే వరస ఇట్లా ఉంటుంది: 11-9, పొట్టి సర్వీసు, నెట్ దగ్గర రిటర్న్, మనవాడు ఇంకా బిగించి వదిలాడు, అవతలివాడు ఎత్తాడు, గీతకి ముందే తేలింది, కాళ్ళు కుదురు, స్మాష్, పాయింటు. ఈ పాయింటు నెట్ షాట్‌ది అని ఇప్పుడు ఎవరికైనా తెలుస్తుంది.

కోర్టు సగాన్ని ఆరు గడులు చెయ్యి: ముందు రెండు, మధ్య రెండు, వెనక రెండు. నంబర్లు ఆటగాడి కళ్ళతో వెయ్యి, కెమెరా కళ్ళతో కాదు. వైపు మారగానే కెమెరాకి కుడి మూల ఎడమ మూల అవుతుంది. ఇక్కడ పొరపాటు పడితే ఫోర్‌హ్యాండ్ బలహీనతను బ్యాక్‌హ్యాండ్ ఖాతాలో రాస్తావు. టీవీ వీడియో వాడితే ఇంకో చిక్కు: రీప్లే చూపించి తిరిగొచ్చేసరికి సర్వీసు అయిపోయి ఉంటుంది. ఆ గడి ఖాళీగా వదిలెయ్యి. ఊహించి మాత్రం నింపకు.

వైపు గడి ఎందుకంటే, గాలివాటం. ఏసీ గాలి వీచే పెద్ద హాళ్ళలో ఒక వైపు నుంచి కొట్టింది బయటికి పోతుంది, రెండో వైపు నుంచి కొట్టింది మధ్యలోనే పడిపోతుంది. ప్రతి గేముకీ వైపులు మారతాయి, మూడో గేములో 11 దగ్గర మళ్ళీ మారతాయి. 'రెండో గేములో తడబడ్డాడు' అని రాసే ముందు అవతలివాడు ఆ వైపు నుంచి ఎలా ఆడాడో చూడు. షటిల్ వేగమూ అంతే. వెనక గీత దగ్గర నుంచి కింద చేత్తో పూర్తిగా కొడితే అవతలి వెనక గీతకి 53 నుంచి 99 సెంటీమీటర్ల లోపల పడాలి. ఆ హద్దుల్లోనే చాలా తేడా ఉంటుంది. వేగం షటిల్ రోజున ఎత్తే ఆటగాళ్ళు తంటాలు పడతారు.

మొత్తం పాయింట్ల కూడికను నమ్మకు. బ్యాంకాక్ ఫైనల్లో లక్ష్య, ఇండోనేసియా గింటింగ్‌ని 8-21, 21-17, 21-16తో గెలిచాడు. కూడి చూడు: లక్ష్యకి 50, గింటింగ్‌కి 54. ఓడినవాడికే ఎక్కువ. సాత్విక్, చిరాగ్ 18-21, 23-21, 21-19తో గెలిచారు, 62కి 61. రెండో గేములో నాలుగు మ్యాచ్ పాయింట్లు, అంటే ఒక్క పాయింటు పోతే మ్యాచే పోయే ఘట్టాలు, కాచుకుని వచ్చారు. ఆ పాయింట్లు ఒక్కొక్కటీ పదిసార్లు చూడు. అవతల కెవిన్ సుకముల్జోకి పక్కన తన మామూలు జోడీ మార్కస్ గిడియోన్ లేడని, మొహమ్మద్ అహ్సాన్‌తో ఆడాడని కూడా రాయి. మన గెలుపు దానివల్ల చిన్నదైపోదు. కానీ మళ్ళీ ఎదురైనప్పుడు అవతల అదే జోడీ ఉండకపోవచ్చు.

డబుల్స్‌లో మొదటి నాలుగు దెబ్బలు చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. షటిల్ ముందుగా ఎత్తిన జోడీ పక్కపక్కన నిలబడి కాచుకోవాలి, రెండో జోడీ ముందొకరు వెనకొకరు నిలబడి కొడుతుంది. 2018 నుంచి సర్వీసు కొట్టే క్షణంలో షటిల్ నేల నుంచి 1.15 మీటర్ల ఎత్తు దాటకూడదు. పొడుగాటి కుర్రాళ్ళకి అది ఇబ్బందే. సర్వీసు ఫాల్టులకి వేరే గడి పెట్టు.

రెండో డబుల్స్ గురించి ఒక మాట. బ్యాంకాక్‌లో కృష్ణప్రసాద్, విష్ణువర్ధన్ నాకౌట్‌లో ఆడిన రెండూ ఓడారు. నీ పట్టికలో అది సున్నా అని వస్తుంది. మలేసియా మీద స్కోరు 19-21, 17-21. ఆ సున్నా పక్కన ఎన్ని పాయింట్లు చూశావో, ఎవరి మీద ఆడారో తప్పకుండా రాయి. రెండు మ్యాచ్‌లు చూసి ఒక జోడీ పనికిరాదని తేల్చే కాగితం మీద నీ సంతకం ఉండకూడదు. దీనికి మాత్రం నేను ఒప్పుకోను శిరీషా, ఎవరు అడిగినా సరే.

ఆటగాడి చెవిలో నువ్వు నేరుగా ఏమీ చెప్పకు. 11 దగ్గర దొరికేది 60 సెకన్లు, గేముకీ గేముకీ మధ్య 120. అందులో నీళ్ళు తాగాలి, చెమట తుడుచుకోవాలి, ఊపిరి పీల్చుకోవాలి. కోచ్‌కి ఒక్క వాక్యం ఇవ్వు, అదీ కాళ్ళకీ చేతులకీ అర్థమయ్యే వాక్యం. 'బ్యాక్‌హ్యాండ్ మూలకి ఎత్తితే క్రాస్‌కే కొడుతున్నాడు' అంటే పనికొస్తుంది. శాతాలు పనికిరావు.

ఇంకొకటి. ఓడిన మ్యాచ్ చూసేటప్పుడు ముందు ఆటగాడి కాళ్ళు చూడు. బ్యాంకాక్ సెమీస్‌లో డెన్మార్క్ ఆటగాడు గెమ్కే మీద ప్రణయ్ మొదటి గేములో జారిపడి చీలమండ నొప్పి పెట్టుకున్నాడు. 13-21తో ఆ గేము పోయింది. తర్వాత 21-9, 21-12. మొదటి గేము వరసలన్నీ మామూలుగా కూడేస్తే అతని ఆట గురించి అబద్ధం చెప్పినట్టే. కాలు ఈడుస్తున్నాడా, ముందుకి దూకేటప్పుడు మోకాలు కాచుకుంటున్నాడా అన్నది ఏ సాఫ్ట్‌వేరూ చెప్పదు. కనపడితే లెక్క పక్కన పెట్టి ముందు ఫిజియోకి చెప్పు.

సోమవారం చేరుతున్నావన్నారు. ఈలోగా బ్యాంకాక్ ఫైనల్లో శ్రీకాంత్, ఇండోనేసియా క్రిస్టీ ఆడిన రెండో గేము ఒక్కటి చేత్తో రాయి, కంప్యూటర్ లేకుండా. 23-21 అంటే 44 వరసలు. మొదటిసారి రెండు, మూడు గంటలు పడుతుంది, పట్టనీ. రాసింది ఫోటో తీసి నాకు పంపు. తప్పుంటే ఎర్ర పెన్నుతో దిద్ది పంపుతాను, చిన్నప్పటిలాగా. అత్తయ్య సున్నుండలు డబ్బాలో సర్దుతోంది. ఆదివారం బస్సులో వచ్చే మన పక్కింటి అబ్బాయి చేత పంపిస్తాం, అడ్రసు సరిగ్గా పెట్టు.

ఆశీస్సులతో,
మీ మావయ్య
కాకినాడ