మందిరం హాలు కోసం పీఎఫ్ తీయాలా?

ప్రశ్న: వందనాలండి. మేం హైదరాబాద్‌లో ఉప్పల్ దగ్గర ఉంటాం. మూడేళ్లుగా మా ఇంట్లోనే ఆదివారం కూడిక జరుగుతోంది. ఇప్పుడు 35 మంది వస్తున్నారు, ఇల్లు చాలట్లేదు. మెయిన్ రోడ్డులో ఒక హాలు చూశాం. అద్దె 22,000, అడ్వాన్సు లక్షన్నర. కానుకలు నెలకు 14,000 దాకా వస్తాయి, ఎక్కువగా నా ఫోన్‌పేకే వేస్తారు. నా జీతం 62,000, ఇంటి ఖర్చులు పోను 9,000 మిగులుతుంది. ఎఫ్‌డీ 2 లక్షలు, పీఎఫ్ 4 లక్షలు ఉన్నాయి. ఉద్యోగం మానేసి, పీఎఫ్ తీసి, నా భార్య బంగారం తాకట్టు పెట్టి పూర్తికాల సేవకు రావచ్చా? అమెరికాలో ఉన్న మా అన్నయ్య కూడా సంఘానికి డబ్బు పంపుతానంటున్నాడు.

జవాబు: వందనాలు బ్రదర్. సంఘం పని ఆపొద్దు. ఉద్యోగం మాత్రం ఇప్పుడే మానకండి. పీఎఫ్, బంగారం జోలికి అసలు వెళ్లకండి.

అద్దెకు కరెంటు, మైకు, కుర్చీలు కలిపితే నెలకు 27,000 అనుకోండి. కానుకలు 14,000. లోటు 13,000. జీతం వస్తుండగానే మీకు మిగిలేది 9,000, అంటే ఉద్యోగం చేస్తూ కూడా ఈ హాలు మోయలేరు. మానేస్తే ఇంటి ఖర్చు 53,000 కూడా తోడై నెలకు 66,000 కావాలి. ఎఫ్‌డీలో ముప్పావు వంతు అడ్వాన్సుకే పోతుంది, పీఎఫ్ ఆరు నెలల్లో కరిగిపోతుంది. ఏడో నెల నుంచి ప్రతి ఆదివారం కానుకల సంచి వైపు టెన్షన్‌గా చూసే పాస్టర్‌గా మీరు మారకూడదని నా కోరిక. కొరింథులో పౌలు డేరాలు కుట్టుకుంటూనే సువార్త చెప్పాడు కదా.

ఇంకో మాట. బంగారం గురించి రాశారు గానీ, మీ భార్య ఏమన్నారో రాయలేదు. ముందు ఆవిడతో కూర్చుని మాట్లాడండి.

మీకు రోజంతా హాలు అక్కర్లేదు, వారానికి మూడు గంటలు చాలు. దగ్గర్లోని స్కూళ్లు, చిన్న ఫంక్షన్ హాళ్లలో ఆదివారం పూటకి ఇస్తారేమో అడగండి. అన్ని ఖర్చులూ కలిపి 14,000 దాటకూడదు. ప్రార్థన కూడిక కోసమని ఓనరుకు ముందే చెప్పి, అదే మాట అగ్రిమెంటులో రాయించండి. దాచి తీసుకుంటే, పక్కింటివాళ్లు మైకు గురించి ఫిర్యాదు చేసిన రోజే ఖాళీ చేయమంటారు.

కానుకలు మీ ఫోన్‌పేలో పడటం వెంటనే ఆగాలి. అది మీ సొంత ఆదాయంలా కనిపిస్తుంది, రేపు అడిగితే లెక్క చెప్పలేరు. ఏడుగురు సభ్యులుంటే 2001 నాటి సొసైటీల చట్టం కింద జిల్లా రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేయించుకోవచ్చు. తర్వాత సొసైటీ పేరుతో పాన్, బ్యాంకు ఖాతా తీసుకోండి. పన్ను మినహాయింపు కావాలంటే ఇన్‌కమ్ ట్యాక్స్ దగ్గర వేరే నమోదు ఉంటుంది, అందరూ 12ఏ అనేది దాన్నే. ఒక మతానికే పరిమితమైన సంస్థకు, అందరూ 80జీ అనే దాతల పన్ను తగ్గింపు అనుమతి రాదు కాబట్టి, కానుక ఇచ్చినవాళ్లకు పన్ను తగ్గుతుందని ఎవరికీ చెప్పకండి.

మా నాన్నగారు మా ఊరి సంఘానికి కోశాధికారి. ఆరాధన అయ్యాక చాప మీద సంచి బోర్లించి, చిల్లర దొంతరలు పేర్చేవారు. ఇంకో పెద్దాయన పక్కనే కూర్చుని రెండోసారి లెక్కపెట్టాకే పుస్తకంలో ఇద్దరూ సంతకం పెట్టేవారు. పాస్టర్ గారు ఆ డబ్బు ముట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు. మీరూ అలాంటి ఇద్దరిని ఇప్పుడే ఎంచుకోండి.

అన్నయ్య విషయంలో జాగ్రత్త. ఆయన ఇంకా భారత పౌరుడే అయితే, తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా సొసైటీ ఖాతాకు పంపవచ్చు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే అది విదేశీ విరాళం కిందకొస్తుంది. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి లేకుండా సంఘం ఒక్క డాలరు కూడా తీసుకోకూడదు. తమ్ముడికి పంపినట్టు మీ ఖాతాలో వేయించుకుని సంఘానికి వాడటమూ తప్పే.

మీ 9,000లో 5,000 ప్రతి నెలా ఎఫ్‌డీ పక్కన చేర్చండి. ఇంటి ఖర్చు ఆరు నెలలకు 3,18,000 కావాలి, రెండేళ్లలో అక్కడికి చేరుకుంటారు. అప్పటికి సంఘం కానుకలతోనే హాలు అద్దె కట్టి, మీకు కొంత జీతం కూడా ఇవ్వగలిగితే, రాజీనామా సంగతి అప్పుడు మళ్లీ రాయండి. అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదనుకుంటున్నాను, ఆ ఓనరుకు ఈ వారమే ఫోన్ చేసి వద్దని చెప్పేయండి.