పెద్దాయన చెప్పిన మొక్కను ఫోనులోకి ఎక్కించవచ్చా?

ప్రశ్న: మాది భాకరాపేట దగ్గర పల్లె. మా ఊరి యానాది కాలనీలో ఉండే పెద్దాయనకు తలకోన చుట్టుపక్కల అడవిలో తెలియని మొక్క లేదు. ఆయన కొడుకులు బెంగళూరులో పనులకు వెళ్లిపోయారు. ఆయన చెప్పేవన్నీ వీడియోలు తీసి, ఏ మొక్క ఎక్కడ ఉందో గుర్తులతో సహా ఒక యాప్‌లో పెట్టాలని నేనూ నా మిత్రులూ అనుకుంటున్నాం. ఆయన సరేనన్నారు. ఎలా మొదలుపెట్టాలి?
– డిగ్రీ విద్యార్థి, భాకరాపేట

జవాబు: వెంటనే మొదలుపెట్టండి. తిరుపతిలో వృక్షశాస్త్రం చెప్పినన్నాళ్లూ శేషాచలం మొక్కల శాస్త్రీయ నామాలు పిల్లలకు నేర్పాను. ఆ మొక్కలు ఏ వాలులో పెరుగుతాయో, ఎప్పుడు పూస్తాయో నాకు చూపించింది యానాదులే. మీ ఉత్తరం అందుకే నాకెంతో సంతోషం కలిగించింది.

అయితే మొక్క ఉన్న చోటును మాత్రం బయటపెట్టకండి. ఎర్రచందనం ఏ లోయలో ఉందో పదిమందికీ తెలిస్తే ఏమవుతుందో మన జిల్లా వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. జనం తాము చూసిన మొక్కల, జంతువుల ఫోటోలు పెట్టే ఐనాచురలిస్ట్ వంటి వేదికలు ముప్పులో ఉన్న జాతుల అసలు చోటును వాటంతట అవే దాచి, సుమారు 20 కిలోమీటర్ల గడిలో ఎక్కడో ఒకచోట చూపిస్తాయి. కానీ ముప్పు జాబితాకు ఎక్కని మొక్కకు ఆ రక్షణ ఉండదు, దాని చోటును మీరే దాచాలి. ఫోనుతో తీసిన ఫోటోలో కూడా చోటు నమోదై ఉంటుంది. వాట్సాప్‌లో దాన్ని డాక్యుమెంటుగా పంపితే ఆ వివరం కూడా వెళ్లిపోతుంది. ఖచ్చితమైన గుర్తులు ఒక నోటు పుస్తకంలో రాసి పెద్దాయన ఇంట్లోనే ఉంచండి.

ఇక అసలు మాట. మీలాంటి యువకులు వెళ్లగానే ‘ఇది ఏ రోగానికి మందు?’ అని అడుగుతారు. నేనైతే ఆ ప్రశ్నను చివరికి వదిలేస్తాను. ఎప్పుడు తీయాలి, ఎంత తీయాలి, ఏది ముట్టకూడదు అన్నవి ముందు అడగండి. మందు గుట్టు తెలిస్తే దాన్ని అమ్ముకునేవాడికి లాభం. తీసే పద్ధతి తెలిస్తే మొక్క బతుకుతుంది.

పెరీతనే చూడండి. ఈ కొండల్లో తప్ప బయట సహజంగా పెరగని మొక్క, చూడటానికి పొట్టి ఈతచెట్టులా ఉంటుంది. అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం దీన్ని అన్నిటికన్నా కట్టుదిట్టమైన రక్షణ ఉండే మొదటి అనుబంధంలోనే చేర్చింది. ఇందులో మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. మగ మొక్క నడినెత్తిన లేచే కంకినే మందుల కోసం కోస్తారు. పుప్పొడి రాలక ముందే ఆ కంకి సంతకు చేరితే, పక్కన ఆడ మొక్క ఎంత ఆరోగ్యంగా ఉన్నా గింజ కట్టదు. ఒక ఇంటి అవసరానికి ఒకటి రెండు కోసిన రోజుల్లో అడవి దాన్ని తట్టుకుంది. వ్యాపారి బస్తాల లెక్కన అడిగితే తట్టుకోలేదు. కాబట్టి తాతలు చేసిందంతా అడవికి మేలేనని కళ్లు మూసుకుని రాయకండి. పెద్దాయన చిన్నప్పుడు ఎంత కోసేవారు, ఎవరి కోసం కోసేవారు, ఎప్పటి నుంచి కొనేవాళ్లు వస్తున్నారు అన్నవి అడిగి రాయండి.

ఫోను అక్కరకొచ్చేది ఇక్కడే. ఏ గుట్ట మీద ముందు కంకి వస్తుందో పెద్దాయనకు తెలుసు. పదేళ్ల కిందట ఏ తేదీన వచ్చిందో ఆయనకైనా గుర్తుండదు. అటవీశాఖ అనుమతి తీసుకుని, ఆయన చూపిన కొన్ని మొక్కలనే నెలనెలా ఒకే కోణం నుంచి ఫోటో తీయండి. పక్కన ఒక కొలబద్ద పెట్టండి. ఎన్ని పిలకలు లేచాయి, ఎన్నింటికి నిప్పు అంటుకుంది, కంకి వచ్చిందా అన్నవి అలా కొన్నేళ్లు కూడితే ఎవరూ కాదనలేని సాక్ష్యం అవుతుంది. ఆయనకు చదువు రాకపోయినా ఫరవాలేదు. దక్షిణాఫ్రికాలో 1990లలోనే సైబర్‌ట్రాకర్ అనే పరికరంలో అక్షరాలకు బదులు బొమ్మలు పెట్టారు. అడుగుజాడలు చదవగల వేటగాళ్లు బొమ్మ నొక్కి తాము చూసినది నమోదు చేసేవారు. నమోదు చేసే పని ఆయన చేతికే ఇవ్వండి, మీరు పక్కన ఉండండి.

ఆయన సరేనన్నారని రాశారు. దేనికి సరేనన్నారు? తీసిన వీడియోను ఆయనకు చూపించి, ‘దీన్ని ఊరు చూడవచ్చా, దేశం చూడవచ్చా, ఎవరూ చూడకూడదా?’ అని ఒక్కో వీడియోకూ విడిగా అడగండి. వద్దన్నది చెరిపేయండి. కేరళ అగస్త్య కొండల్లో కాణి గిరిజనులు 1987లో శాస్త్రవేత్తలకు ఆరోగ్యపచ్చ అనే మొక్కను చూపించారు. దాని నుంచి మందు తయారైంది. లైసెన్సు రుసుములోనూ రాయల్టీలోనూ సగం కాణిలకు ఇవ్వాలన్న ఒప్పందం కుదిరింది, అది నిజంగా గొప్ప సంగతి. కానీ గిరాకీ పెరగగానే బయటివాళ్లు అడవిలో ఆ మొక్క మీద పడ్డారు. లాభంలో వాటా ఉంటే చాలదు, మొక్కకు కాపలా కూడా ఉండాలి.

ప్రశ్న: ఫోటో తీస్తే మొక్క పేరు చెప్పే యాప్‌లు వచ్చాయి. ఇంకా పెద్దవాళ్ల దగ్గర నేర్చుకోవడం అవసరమా?
– గృహిణి, చిత్తూరు

జవాబు: అవసరమేనమ్మా. పువ్వు స్పష్టంగా ఉన్నప్పుడు యాప్ బాగానే చెబుతుంది. అదే ఎండాకాలంలో ఆకు రాలిన తీగను చూపించి చూడండి. వేసవిలో మనం తాగే నన్నారి షర్బత్ వేరు రెండు రకాల మొక్కల నుంచి వస్తుంది. సుగంధిపాల వేరు సన్నగా, తీగలా ఉంటుంది. మారెడు (పూజకు ఆకు కోసే మారేడు చెట్టు కాదు) వేరు లావుగా, కండపట్టి ఉంటుంది. అడవిలో తరిగిపోతున్నది ఈ మారెడే, ఊరగాయ పెట్టేదీ దీన్నే. వేరును గోటితో గీకి వాసన చూసి లేతదో ముదురుదో చెప్పే పని ఏ కెమెరా చేయలేదు. పేరు యాప్‌ను అడగండి, కానీ అది చెప్పిందని ఏ ఆకూ నోట పెట్టకండి. అనుమానం ఉంటే పువ్వుతో ఉన్న రెమ్మను శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర విభాగంలో చూపించండి.

ప్రశ్న: మా పంచాయతీలో జీవవైవిధ్య కమిటీ ఉందంటున్నారు. అది ఏం చేస్తుంది?
– రైతు, చంద్రగిరి మండలం

జవాబు: 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలోనూ ఆ కమిటీ ఉండాలి. ఊళ్లోని మొక్కలు, పశువులు, విత్తనాలు, వాటి గురించి జనానికి తెలిసినవి అన్నీ ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో రాయించడం దాని పని. పంచాయతీ కార్యదర్శిని అడిగి మీ ఊరి రిజిస్టరు తీయించండి. అందులో యానాది కాలనీ వాళ్లను అడిగి రాసినది ఏమీ కనబడకపోతే, వచ్చే గ్రామసభలో లేచి అడగండి. పై విద్యార్థి లాంటి పిల్లలు మీ ఊళ్లోనూ ఉంటారు, వాళ్లను వెంట తీసుకువెళ్లండి.